మిద్దె మీది మెషిన్ రూములో నాయన

మోకాళ్లు పట్టుకుపోయి మగ్గం గుంతలో కాళ్లు ఆడించలేని స్థితి వచ్చాక నాయనను ధర్మవరం నుంచి అనంతపురం మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. చిన్నప్పుడే మగ్గంలో కూర్చుని, ఆ తర్వాత జీవితమంతా పట్టుచీరలు నేసిన మనిషి. మా ఇంట్లో పొద్దున కాఫీ తాగి, పేపరు చివరిదాకా చదివి, ఆపైన ఏం చేయాలో తెలియక ఇల్లంతా తిరిగేవాడు. తలుపు గొళ్లెం వదులైందేమోనని లాగి చూసేవాడు. కుర్చీ ఎక్కి ఫ్యాను రెక్కలు తుడవబోయి నాతో తిట్లు తినేవాడు. నా భర్త చొక్కాలకు గుండీలు గట్టిగానే ఉన్నా విప్పి మళ్లీ కుట్టేవాడు. కాళ్లు మొరాయించినా ఆ చేతులు మాత్రం ఊరకే ఉండేవి కావు.

నేను కరెంటు పనుల కాంట్రాక్టరును. ఐటీఐ చదివి, కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర చేసి, సూపర్‌వైజర్ పర్మిట్ తెచ్చుకుని సొంతంగా మొదలుపెట్టాను. ఇళ్లు, షాపులు, చిన్న ఆసుపత్రులు, అపార్టుమెంట్లు. నాయనకు నా పని గురించి పెద్దగా తెలియదు. ఎవరైనా అడిగితే "మా పాప కరెంటు పని చేస్తాది" అని చెప్పి ఊరుకునేవాడు. ఆ మాటలో గర్వం ఎంత ఉందో, దిగులు ఎంత ఉందో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

ఒక ఏప్రిల్ నెల పొద్దున నేను టూల్ బ్యాగు సర్దుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఈ పొద్దు యాడికమ్మా?"

"ఒక అపార్టుమెంటులో లిఫ్టు గది ఉండాది నాయనా. వైరింగంతా మార్చల్ల. పది పదిహేను రోజుల పని."

"నేనూ వస్తా. ఒక మూల కూర్చుంటా. నీకేం అడ్డం రాను."

ఎండ గురించి చెప్పాను, మెట్ల గురించి చెప్పాను. వినలేదు. చిత్రాన్నం డబ్బా రెండోది కట్టుకుని ఆయన్ను స్కూటీ వెనక ఎక్కించుకున్నాను.

ఆ పని నా దగ్గరికి ఎందుకొచ్చిందో చెప్పాలి. గార్లదిన్నె వైపు పోయే రోడ్డులో ఉన్న నాలుగంతస్తుల అపార్టుమెంటు అది. ఎండలు ముదిరితే చాలు, మధ్యాహ్నాలు లిఫ్టు ఉన్నట్టుండి ఆగిపోయేది. ఒకరోజు అసోసియేషన్ ప్రెసిడెంటు గారి భార్యే రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. మెకానిక్ వచ్చి, పైన మోటారును చేత్తో తిప్పడానికి ముందుగా మెయిన్ స్విచ్ ఆపాడు. ఆపగానే లిఫ్టు లోపల లైటూ ఫ్యానూ రెండూ పోయాయి. పై గదిలో లైటు కూడా పోయింది. లోపల ఆమె చీకట్లో కేకలు, పైన మెకానిక్ చీకట్లో తడుములాట. ఆమెను బయటికి తీసేసరికి ఇద్దరూ చెమటతో తడిసిపోయారట. ఆ మరుసటి రోజు మెకానిక్ ఒక కాగితం రాసిచ్చాడు. గదిలో కరెంటు పని నియమాల ప్రకారం సరిచేస్తే తప్ప తాను సర్వీసు చేయనని, తనిఖీ ఇంజనీరు చూసి సరేనంటేనే మళ్లీ వస్తానని. ఆ కాగితం పట్టుకుని ప్రెసిడెంటు గారు నాకు ఫోన్ చేశారు.

పొద్దున తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగున్నర తర్వాత లిఫ్టు నడవాలి. మధ్యలో ఆపుకుని నా పని చేసుకోవాలి. అది ఒప్పందం. అందువల్ల నాయన పొద్దున లిఫ్టులో నాలుగో అంతస్తు దాకా వచ్చి, అక్కడ నుంచి మిద్దె మీదికి ఉన్న పన్నెండు మెట్లు మాత్రం ఎక్కేవాడు. మళ్లీ సాయంత్రం లిఫ్టు నడిచేదాకా మిద్దె మీదే ఉండాలి. మొదటిరోజు లిఫ్టు ఎక్కినప్పుడు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, తలుపు పక్కన వెలుగుతూ మారే అంకెలను చూస్తూ నిలబడ్డాడు. దిగాక, "బండి కన్నా ఇదే మేలు, గతుకుల్లేవు" అన్నాడు.

మిద్దె మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కన మెషిన్ రూము, ఆ గదికి ఆనించి ఒక రేకుల షెడ్డు. షెడ్డులో వాచ్‌మన్, ఆయన భార్య ఉండేవాళ్లు. వాచ్‌మన్ రోజంతా కింద గేటు దగ్గరే. ఆమె అపార్టుమెంటులో రెండిళ్ల పని చేసుకుని పదింటికల్లా పైకి వచ్చేది. నల్లమాడ దగ్గర పల్లె వాళ్లది. అక్కడ మూడెకరాల మెట్ట చేను ఉంది. వానలు లేక ఇక్కడికి వచ్చి ఐదేళ్లయిందని, వాన బాగా పడిన ఏడు పోయి విత్తుకుని వస్తామని మొదటిరోజే చెప్పింది.

మెషిన్ రూము తాళం ఆమె దగ్గరే ఉండేది. తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. గదికి ఒక కిటికీ ఉంది కానీ, పావురాలు వస్తున్నాయని దానికి అట్ట కొట్టేశారు. మధ్యలో దిమ్మె మీద మోటారు, దాని చక్రం మీదుగా కిందికి పోయే ఇనుప తాళ్లు. వెనక గోడకు కంట్రోల్ ప్యానెల్. దాని పక్కన, గదిలో అన్నిటికన్నా లోపల, మెయిన్ స్విచ్. అక్కడికి పోవాలంటే విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, వినాయకచవితి పందిరి గుడ్డలు, పాత రంగు డబ్బాలు దాటుకుని పోవాలి. ప్యానెల్‌కు సరిగ్గా పైన ట్యాంకు నుంచి వచ్చే నీళ్ల పైపు, దాని అతుకు దగ్గర పచ్చటి తడి మరక. ప్యానెల్ లోపల నుంచి ఒక పలుచని తెల్ల వైరు బయటికి వచ్చి, గోడకు ఉన్న కన్నంలోంచి షెడ్డులోకి పోయింది. ఇక మోటారు పక్కనే ఒకటి, దూరంగా గోడకు ఆనించి ఇంకొకటి, రెండు గోనె మూటలు.

"ఇవేంటివి?" అన్నాను.

"ఇత్తనం కాయలు మేడమ్. శెనక్కాయలు. ఈడైతే ఎలకలు రావు. తడి ఉండదు." ఆమె మూట మీద చెయ్యి వేసి చెప్పింది, పసిబిడ్డ తల మీద వేసినట్టు.

నేను బ్యాగులోంచి నియమాల పుస్తకం తీసి, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పడానికి ప్రయత్నించాను. ఈ గదిలో లిఫ్టుకు సంబంధించినవి తప్ప ఇంకేమీ ఉండకూడదు. మెయిన్ స్విచ్ తలుపు పక్కనే ఉండాలి, తలుపు తీసిన మనిషి చెయ్యి చాపితే అందాలి. ప్యానెల్ ముందు మనిషి నిలబడి, అవసరమైతే వెనక్కి గెంతేంత ఖాళీ ఉండాలి. నీళ్ల పైపు ఈ గదిలోంచి పోకూడదు. లిఫ్టు కరెంటు ఆపినా గదిలో లైటు, లిఫ్టు పెట్టెలో లైటు వెలుగుతూనే ఉండాలి, వాటి లైను వేరే ఉండాలి. లిఫ్టు ప్యానెల్ నుంచి ఇంకెవరికీ కరెంటు ఇవ్వకూడదు.

చివరి మాట విని ఆమె ముఖం మారింది. "అంటే మా ఇంటి కరెంటు పీకేస్తావా? ఈ ఎండలో, ఈ రేకుల కింద? ఆ మూటలు యాడ పెట్టుకోవల్ల నేను, నెత్తిన పెట్టుకోనా?"

ట్యాంకు నీడలో చాప మీద కూర్చున్న నాయన అన్నీ వింటున్నాడు.

సాయంత్రం కిందికి దిగాక ప్రెసిడెంటు గారితో మాట్లాడాను. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మర్యాదస్తుడే. "చూడమ్మా, ఆ మూటలు తనిఖీ రోజు ఒక పక్కన పెట్టిస్తే సరిపోతుంది. వాళ్ల వైరు కూడా ఆ పొద్దుకు తీసేసి మళ్లీ తగిలించు. ఇంజనీరు ఉండేది ఒక గంట" అన్నారు.

"సార్, మేడమ్ లోపల ఇరుక్కున్న రోజు గుర్తుండాది కదా" అన్నాను.

ఆయన కాదనలేదు. కానీ ఒప్పుకోనూ లేదు.

స్కూటీ మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి నాయన అన్నాడు. "నీ పుస్తకంలో రాసిండేది తప్పేం లేదు పాపా. మన మగ్గం ఇంట్లో మీ యమ్మను ఒక గింజ పెట్టనిచ్చినానా నేను? గింజ ఉంటే ఎలక వస్తాది, ఎలక వస్తే పడుగు కొరుకుతాది. ఆయమ్మకు ఆ మాట చెప్పు."

"నువ్వే చెప్పు నాయనా."

"చెప్తాలే" అన్నాడు.

మర్నాటి నుంచి నేను గదిలో పని మొదలుపెట్టాను. నాతో పనిచేసే ఇద్దరు వైర్‌మన్లు కింద మీటర్ల బోర్డు దగ్గర ఉన్నారు. నేను పైన పాత వైర్లకు గుర్తులు పెట్టుకుంటున్నాను. మెయిన్ ఆపగానే పట్టపగలే గది చీకటైపోయింది. అదే సమయానికి గాలికి ఇనుప తలుపు దభాలున మూసుకుంది. నుదుటికి కట్టుకునే లైటు బయట బ్యాగులో ఉండిపోయింది. ముందు మోటారు, పక్కన ఇనుప తాళ్లు, చేతిలో స్క్రూడ్రైవరు. అడుగు ఎటు వేయాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

తలుపు తెరుచుకుంది. నాయన. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వంగి, లోపలికి చూస్తున్నాడు.

"ఉండావా?"

"ఉండా నాయనా."

ఆయన తన చెప్పు తీసి తలుపు కింద అడ్డం పెట్టాడు. ఆ రోజంతా వాకిట్లో చాప వేసుకుని, తలుపుకు వీపు ఆనించి అక్కడే కూర్చున్నాడు. ఎండ అటు తిరిగినా జరగలేదు. వాచ్‌మన్ భార్య చూడలేక పాత చీర ఒకటి తెచ్చి పైన కట్టింది.

ఆ చీర కింద వాళ్లిద్దరికీ మాటలు కలిశాయి. నేను లోపల పని చేసుకుంటూ వినేదాన్ని. ఆమె చేను గురించి చెప్పేది, ఆయన మగ్గం గురించి చెప్పేవాడు. పోయినేడు జూన్‌లో మంచి పదును వాన పడిందట. ఊరికి పోయి విత్తారట. సగం కూడా మొలవలేదట.

"వాన తక్కువై అనుకుంటిమి తాతా. మా పక్క చేనోళ్లకు మొలిచినాయి. మా రాత అనుకుంటిమి."

నాయన తల తిప్పి లోపలి మూటల వైపు చూశాడు. "ఇత్తనం యాడ పెట్టిండ్రి పోయినేడు?"

"ఈడే. ఈ గదిలోనే."

"ఏమ్మా, ఈ గదిలో నువ్వు ఒక గంట కూర్చోగలవా?"

"నేనా? సచ్చిపోతా."

"మరి ఆ కాయ యెట్ల బతుకుతాది? పట్టు పోగైనా అంతే. ఎక్కువ వేడి తగిలితే పైకి బాగుంటాది. పట్టుకుంటే పుటుక్కున తెగుతాది. ఎండాకాలం మేము గుంత చుట్టూ నీళ్లు చల్లుకుని నేసేది అందుకే."

మర్నాడు నేను వచ్చేసరికి షెడ్డు వాకిట్లో రెండు తడి గుడ్డ మూటలు ఉన్నాయి. ఆమె ఒక్కో గోనెలోంచి కొన్ని కాయలు తీసి, ఒలిచి, గింజలు నానబెట్టి కట్టింది. పూటపూటకూ నీళ్లు చల్లేది. నాలుగో రోజు పొద్దున మమ్మల్ని పిలిచి, ముగ్గురం కూర్చున్నాక విప్పింది. మోటారుకు దూరంగా ఉన్న గోనెలోవి చాలావరకు తెల్లటి మొలక వేశాయి. మోటారు పక్క గోనెలోవి ఉబ్బి, మెత్తబడి, వాసన పట్టి ఉన్నాయి. అక్కడక్కడ ఒకటి రెండు మాత్రం మొలిచాయి.

ఆమె వాటిని వేళ్లతో కెలుకుతూ కూర్చుంది. "మా ఆయన్ను తిట్టిన్యా నేను. నీకు ఇత్తేది రాదు, సాలు లోతు పోయింది అని ఊరందరి ముందర తిట్టిన్యా" అంది. కళ్లు తుడుచుకోలేదు, అవి అట్లాగే కారాయి.

నాయన ఆమె భుజం తట్టలేదు. అట్లాంటివి ఆయనకు రావు. లేచి గదిలోకి పోయి, తనకు చేతనైనంత మేర మంచి గోనెను వాకిలి వైపు ఈడవడం మొదలుపెట్టాడు. ఆమె పరుగున వచ్చి, "నీకేమన్నా పిచ్చా తాతా, మోకాళ్లు పోతాయి" అని తిడుతూ ఆయన చేతిలోంచి లాక్కుంది. ఆ గోనె మొదటి అంతస్తులో ఆమె పనిచేసే ఇంటివాళ్ల నీడపట్టు వరండాకు చేరింది. రెండో గోనె, వినాయకచవితి గుడ్డలు, కుర్చీలు, రంగు డబ్బాలు ఆమె ఒక్కతే రోజంతా కిందికి మోసింది. ఒకటీ మిగల్చలేదు.

ఇక షెడ్డు కరెంటు మిగిలింది. నేను ప్రెసిడెంటు గారి ఇంటికే పోయాను, నాయనను వెంటబెట్టుకుని. ఆయన నాలుగో అంతస్తులోనే ఉండేవారు.

"సార్, ఆ వైరు తీసేస్తేనే గది పాసవుతాది. నేను తీసేయాలంటే వాళ్లకు వేరే లైను కావల్ల. కింద కామన్ బోర్డు నుంచి మెట్ల గోడ మీద పైపు వేసి తెస్తా. లిఫ్టు పెట్టె తిరిగే గుంతలోంచి తేకూడదు కాబట్టి కొంచెం పొడుగు అవుతాది."

"కమిటీలో పెట్టాలమ్మా. అందరూ ఒప్పుకోవాలి. మళ్లీ మీటింగు, మళ్లీ చర్చ..."

ఆయన భార్య వంటింటి తలుపు దగ్గర నిలబడి వింటోంది. లిఫ్టులో ఇరుక్కున్న మనిషి. ఆమె అప్పటి నుంచి మెట్లే ఎక్కి దిగుతోందని, ఎక్కి వచ్చాక అరగంట కాళ్లు చాపుకుని కూర్చుంటోందని వాచ్‌మన్ భార్య నాకు చెప్పింది.

నాయన అన్నాడు, "సార్, నేను చదువుకోలేదు. ఊరికే అడుగుతాండా. ఆ పొద్దు మీ ఇంటామె లోపల చిక్కుకుంటే మొదట పైకి పరిగెత్తి తాళం తీసింది ఎవురు?"

ప్రెసిడెంటు గారు తల దించుకుని మీసం సవరించుకున్నారు. జవాబు ఆయన భార్య చెప్పింది. "మన వాచ్‌మన్ పెండ్లామే. నేను బయటికొస్తే నాకు నీళ్లు తాగించింది కూడా ఆమే." ఆమె భర్త వైపు చూసి, "మీటింగు మీరు తర్వాత పెట్టుకోండి" అంది.

రెండు రోజుల్లో లైను వేశాం. షెడ్డులో ఫ్యాను అంతకుముందుకన్నా జోరుగా తిరిగింది. దారంలా సన్నగా ఉన్న ఆ పాత వైరులో వచ్చే కరెంటే తక్కువ. "ఓ, గాలంటే ఇట్లుంటాదా" అని ఆమె నవ్వింది. నాకు ఆ పని మొత్తంలో అంత తృప్తి ఇంకెక్కడా దొరకలేదు.

గది పని కూడా ఒక కొలిక్కి వచ్చింది. పైపును బయట గోడ మీదికి మార్పించాం. కిటికీ అట్ట తీసేసి పావురాలు రాకుండా జాలీ, పక్కన వేడి లాగేసే ఫ్యాను పెట్టాం. మెయిన్ స్విచ్ తలుపు పక్కకు వచ్చింది. ఆపాక తాళం వేసుకునే వీలున్నది, ఎవరో తెలియక మళ్లీ వేయకుండా. ఎర్తింగు రెండు చోట్ల నుంచి లాగాను. ప్యానెల్ ముందు రబ్బరు మ్యాటు పరిచాను.

ప్యానెల్ లోపలి వైర్లు పాయలు పాయలుగా సర్ది ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తుంటే నాయన వచ్చి చూశాడు. "ఇదేంది, పంది పిల్లను కట్టినట్ల కట్టినావు. ఆ కొన వేలికి గుచ్చుకుంటాది చూడు." నిజమే, ఆ పట్టీల కొసలు మెకానిక్‌ల వేళ్లు కోస్తూనే ఉంటాయి. ఆయన్నే దారంతో కట్టమని, కరెంటు ఆపి, తాళం వేసి, తాళంచెవి ఆయన జేబులోనే పెట్టి, ప్యానెల్ ముందు స్టూలు వేశాను. దానికి పనికొచ్చే గట్టి దారం ఒకటి, తొందరగా మండనిది, దొరికేదాకా మూడు షాపులు తిరిగాను. ఆయన కూర్చుని మొదలుపెట్టాడు. ఎడమచేతి బొటనవేలితో వైర్ల పాయను నొక్కిపట్టి, దారం చుట్టి, లోపలి నుంచి తీసి, ఒక్క లాగుడు. ముడి కనబడనే కనబడదు. బెత్తెడుకు ఒకటి. అన్నీ ఒకే వరసలో. తెగిన పడుగు పోగులను ఒక్కొక్కటే అతికిన వేళ్లవి. రెండు రోజులు చేశాడు. ఆ రెండు రోజులూ మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు. చిత్రాన్నం తినమన్నా, "ఉండు, ఈ వరస అయిపోనీ" అనేవాడు. ధర్మవరంలో అమ్మతో అచ్చం అదే మాట అనేవాడు.

అంతా అయ్యాక నేను ఆయన్ను తలుపు దగ్గరికి పిలిచి మెయిన్ ఆపమన్నాను. ఆపాడు. మోటారు ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఆయన పైకి చూశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ ఆపాడు.

"లైటు పోలేదే!"

"పోదు నాయనా. దాని లైను వేరే."

"ఆ పొద్దు నువ్వు చీకట్లో నిలబడినావు కదా..." అని ఆగాడు. "ఈ పుస్తకం రాసినోడెవుడో గానీ, బిడ్డలుండే మనిషి అయింటాడు" అన్నాడు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు నాకన్నా చిన్నవాడు, మాటలు తక్కువ. స్విచ్ ఆపి చూశాడు, తాళం వేసి చూశాడు, ఎర్తింగు మీటరు పెట్టి చూశాడు. ప్యానెల్ తెరిచి లోపల టార్చి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఒక ముడిని వేలితో పక్కకు జరపబోయాడు. జరగలేదు.

"ఇవి ఎవరు కట్టినారు?"

"మా నాయన."

వాకిట్లో చాప మీద కూర్చున్న ముసలాయన వైపు చూశాడు. "ఎలక్ట్రీషియనా?"

"నేతగాడు" అన్నాడు నాయన, కూర్చున్న చోటు నుంచే.

ఇంజనీరు నవ్వాడు. ఆ వెంటనే నా వైపు తిరిగి, "అంతా బాగుంది మేడమ్, కానీ స్విచ్‌ల మీద పేర్లు ఏవి? ఏది లిఫ్టుది, ఏది లైటుది? అది కూడా ఉండాలి కదా" అన్నాడు.

ఇంత చేసి, అంత చిన్నది మరిచిపోయాను. నాయన నన్ను వెనకేసుకు రాబోయాడు. "అది నాదే తప్పు సార్" అని నేను ఆపాను. ఒక గంట టైము ఇచ్చి ఇంజనీరు కింద మీటర్లు చూడటానికి పోయాడు.

పేర్లు రాయడానికి మార్కరు తీస్తుంటే వాచ్‌మన్ భార్య అంది, "రాస్తే మీకు తెలుస్తాది మేడమ్. చదువు రాని నాకెట్ల తెలుస్తాది? ఈడ ఎప్పుడూ ఉండేది నేను కదా."

అది నిజం. లిఫ్టు ఆగితే మొదట పైకి పరిగెత్తేది ఆమె. తెలుగులో పేర్లు రాసి, వాటి కింద లిఫ్టు స్విచ్‌కు ఎర్ర రంగు, లైటుకు పచ్చ రంగు పూశాం. ఆమెతోనే నాలుగుసార్లు ఆపించి, వేయించాను. ఇంజనీరు తిరిగి వచ్చి ఆమెను అడిగాడు, "లిఫ్టు ఆగిపోయి లోపల మనిషి ఉంటే ఏం చేస్తావమ్మా?"

"ఎర్రది ఆపుతా. మెకానిక్‌కు ఫోన్ చేస్తా. లిఫ్టు తలుపు దగ్గర నిలబడి, భయపడొద్దు, లైటు ఉండాది, మనిషి వస్తాండాడు అని చెప్తా. ఇంకేం ముట్టుకోను."

ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ జూన్ చివర వాన పడింది. వాచ్‌మన్ దంపతులు మంచి గోనె తీసుకుని ఊరికి పోయారు. తక్కువ పడిన విత్తనం పక్క చేనువాళ్ల దగ్గర తెచ్చుకున్నారట. మొలిచాయని ఫోన్ చేసి, నాకు కాదు, నాయనకు చెప్పింది. పంట ఒక మోస్తరుగానే వచ్చింది. ఆ తర్వాత వాళ్లు కదిరి దగ్గర ఇంకో చోట పని చూసుకున్నారు, ఊరికి దగ్గరని. దీపావళి ముందు పచ్చి కాయలు ఒక సంచి నిండా బస్సులో పంపింది. ఉడకబెట్టుకుని మూడు రోజులు తిన్నాం.

నాయన మరో రెండేళ్లు నాతో పనులకు వచ్చాడు. నా వైర్‌మన్లిద్దరూ ఆయన దగ్గర ఆ ముడి నేర్చుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆయనలా రాదు. ఇప్పుడు ఆయన మెట్లు అసలే ఎక్కలేడు. ఇంటి వరండాలోనే ఉంటాడు. పని ముగించుకుని రాగానే ఫోన్‌లో ప్యానెల్ ఫోటోలు చూపిస్తాను. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోన్ ముక్కుకు ఆనించుకుని చూస్తాడు. నిన్న కూడా చూశాడు.

"కింద నుంచి మూడో ముడి వదులుగా ఉండాది."

"ఫోటోలో యెట్ల తెలుస్తాది నాయనా?"

"నువ్వు తొందరపడినావు ఆడ. ఆకలై ఉంటాది నీకు" అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చి, సంగటి వేడిగా ఉందని, ముందు పోయి తినమని చెప్పాడు.